వడ్రంగి యంత్రాలు – తుప్పు

వానాకాలంలో నాలుగు రోజులు మూతపడిన వడ్రంగి పనిశాల తలుపులు తెరవగానే పనివాని చూపు ముందుగా యంత్రపు బల్ల మీదికి పోతుంది. మూసిన నాడు బూడిద వన్నెలో నున్నగా మెరిసిన ఇనుప బల్ల, పసుపూ కుంకుమా కలిపి చల్లినట్లు ఎర్రబారి ఉంటుంది. ఆ ఎరుపులో ఒకచోట ముదురు రంగులో గుండ్రని వలయం కనిపిస్తుంది. ఎవరో టీ గ్లాసు పెట్టి మరచిపోయిన ఆనవాలు అది. ఇంకొకచోట ఐదు వేళ్లతో సహా అరచేతి ముద్ర ఉంటుంది. చెమట చేతిని బల్లకు ఆనించి ఎవరో కాసేపు ముచ్చటించారన్నమాట. వేలితో రాస్తే ఎర్రని పొడి అంటుకుంటుంది. అదే తుప్పు.

బల్ల రంగు మారితే వచ్చిన నష్టమేమిటని తోచవచ్చు. రంపపు యంత్రం మీద పనిచేసేవారికి ఆ నష్టం బాగా తెలుసు. చెక్కను బల్ల మీద జరుపుతూ తిరిగే రంపానికి అందించాలి. బల్ల నున్నగా ఉన్నంత కాలం చెక్క కొద్దిపాటి ఒత్తిడికే సాగిపోతుంది. తుప్పు పట్టిన బల్ల మీద అదే చెక్క జరగక మొరాయిస్తుంది. పనివాడు బలం పెంచి తోస్తాడు. పట్టు ఒక్కసారిగా వీడినప్పుడు చెక్కతో పాటు చెయ్యి కూడా రంపం వైపు దూసుకుపోతుంది. వేళ్లు పోగొట్టుకోవడానికి ఆ ఒక్క క్షణం చాలు. ప్రాణాపాయం మాట అటుంచినా, లేతరంగు చెక్కల మీద పడిన తుప్పు మరక పాలిష్ చేసిన తరువాత కూడా తొంగి చూస్తూనే ఉంటుంది. అప్పు చేసి కొన్న యంత్రం, దాని మీద ఆధారపడిన కుటుంబం, వేళకు అందించవలసిన తలుపులు, కిటికీలు – ఇవన్నీ ఆ పలుచని ఎర్రపొరతో ముడిపడి ఉన్నాయి.

కొయ్యపనికి ఇనుప యంత్రాలు వచ్చి రెండు శతాబ్దాలు దాటింది. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ నౌకాస్థావరంలో తెరచాప ఓడలకు కావలసిన కొయ్య కప్పీలను చేతిపనికి బదులు యంత్రాలతో తయారు చేయవచ్చునని మార్క్ బ్రూనెల్ భావించాడు. ఆయన ఊహకు హెన్రీ మాడ్‌స్లే ఇనుముతో రూపం కల్పించాడు. 1808 నాటికి అక్కడ ఏడాదికి 1,30,000 కప్పీలు తయారవుతూ ఉండేవి. నూటపది మంది నేర్పరులు చేసే పనిని పది మంది సామాన్య కార్మికులు చేయగలిగారని ఆనాటి లెక్క. సముద్రపు గాలి నిత్యం వీచే ఆ రేవులో పనిచేసిన యంత్రాలలో కొన్ని లండన్ సైన్స్ మ్యూజియంలో నేటికీ పదిలంగా ఉన్నాయి. సంరక్షణ ఉంటే ఇనుము ఎన్ని తరాలు నిలుస్తుందో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

వడ్రంగి యంత్రాల బల్లలకు పోత ఇనుమునే ఎందుకు ఎంచుకున్నారన్నది ఆలోచించవలసిన విషయం. స్వచ్ఛమైన ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. నూటికి రెండు పాళ్లకు మించి, నాలుగు పాళ్ల దాకా కార్బన్ కలిసిన పోత ఇనుము 1150 – 1200 డిగ్రీల దగ్గరనే కరుగుతుంది. నీటిలా పారి అచ్చులోని మూలమూలకూ చేరుతుంది. కాబట్టి ఎంత చిక్కని ఆకారాన్నయినా పోతపోయవచ్చు. అంతకన్నా ముఖ్యమైన గుణం మరొకటి ఉంది. చల్లారేటప్పుడు అందులోని కార్బన్‌లో చాలా భాగం గ్రాఫైటు రేకులుగా విడిపోయి లోహమంతటా చెదిరి ఉంటుంది. పెన్సిలులో ఉండే గ్రాఫైటే ఇది. కంచు గంటను మోగిస్తే నాదం చాలాసేపు నిలుస్తుంది. పోత ఇనుప దిమ్మను కొడితే 'ధప్'మని అక్కడికక్కడే ఆగిపోతుంది. అదురును గ్రాఫైటు రేకులు మింగివేయడమే అందుకు కారణం. నిమిషానికి వేలసార్లు తిరిగే రంపం కింద ఉండవలసింది ఇటువంటి లోహమే. బరువు వల్ల యంత్రం కదలదు, అదురు అణగిపోవడం వల్ల కోత గీత గీసినట్లు వస్తుంది.

అయితే మేలు చేసిన ఆ గ్రాఫైటే తుప్పు విషయంలో కీడు చేస్తుంది. తడి తగిలినప్పుడు ఇనుముకూ గ్రాఫైటుకూ మధ్య అతి చిన్న విద్యుత్ ఘటాలు ఏర్పడి ఇనుము త్వరగా క్షయిస్తుంది. పోతపోసిన దిమ్మకు పైన సహజంగా ఒక గట్టి పొర ఉంటుంది. ఇసుక అచ్చు తాకిడితో ఏర్పడిన ఆ పొర తుప్పును కొంతవరకు అడ్డుకుంటుంది. బల్ల పైభాగాన్ని నునుపు చేయడానికి యంత్రం మీద చెక్కినప్పుడు ఆ కవచం పోతుంది. యంత్రం కాళ్లు, పక్కభాగాలు రంగు పూతతో సుఖంగా ఉంటే, రంగు వేయడానికి వీలులేని బల్ల ముఖం ఒక్కటే గాలికీ నీటికీ నగ్నంగా నిలబడుతుంది. అందుకే తుప్పు ఎప్పుడూ పనికి అక్కరకు వచ్చే చోటనే పడుతుంది.

తుప్పు పుట్టే తీరు సూక్ష్మంగా ఇది. లోహం మీద నిలిచిన నీటిపొరలోకి ఇనుప పరమాణువు రెండు ఎలక్ట్రాన్లను వదలి అయానుగా ప్రవేశిస్తుంది. ఆ ఎలక్ట్రాన్లు లోహం గుండా మరొక చోటికి చేరి, నీటితోనూ అందులో కరిగిన ఆక్సిజన్‌తోనూ కలిసి హైడ్రాక్సైడు అయాన్లను పుట్టిస్తాయి. ఈ రెండు రకాల అయాన్లూ చేరి, మరికొంత ఆక్సిజన్ తోడై, ఆర్ద్ర ఐరన్ ఆక్సైడుగా మారుతాయి. నీరు లేకున్నా, ఆక్సిజన్ లేకున్నా ఈ చర్య సాగదు. భూమిలో ఎర్రని ఖనిజంగా ఉన్న ఇనుమును కొలిమిలో ఎంతో శక్తి ఖర్చుపెట్టి లోహంగా మార్చారు కదా! అవకాశం దొరికితే అది మళ్లీ ఆ ఎర్రమట్టి రూపానికే పోవాలని చూస్తుంది.

అల్యూమినియం కూడా ఆక్సిజన్‌తో కలుస్తుంది. కాని దాని ఆక్సైడు బిగువైన పొరగా ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుప తుప్పు అలాంటిది కాదు. తాను పుట్టిన ఇనుము కన్నా రెండింతలకు మించిన చోటు ఆక్రమించి, ఉబ్బి, పొరలుపొరలుగా ఊడిపోతుంది. దాని సందుల్లో మళ్లీ తడి చేరుతుంది. తుప్పు తుప్పును పిలుస్తుందని పనివారు అనుకోవడంలో అతిశయోక్తి లేదు. ఢిల్లీలోని మెహరౌలీ ఇనుప స్తంభం సుమారు పదహారు వందల ఏళ్లుగా ఎండకూ వానకూ తట్టుకొని నిలవడం చూసి, ఇనుమన్నది తుప్పు పట్టకుండానే ఉండవచ్చు గదా అని అడిగేవారున్నారు. ఆ స్తంభం పోత ఇనుము కాదు, కాల్చి సాగగొట్టిన చేత ఇనుము. అందులో భాస్వరం పాలు ఎక్కువ. ఆ భాస్వరం తోడ్పాటుతో స్తంభం మీద పలుచని రక్షక పొర ఏర్పడిందని కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్. బాలసుబ్రహ్మణ్యం తమ పరిశోధనల్లో వివరించారు. వడ్రంగి బల్లకు అటువంటి భాగ్యం లేదు. దాని కవచాన్ని మనిషే తొడగాలి.

వాన నీరు నేరుగా పడకపోయినా తుప్పు రావడం చాలామందికి వింతగా తోస్తుంది. గాలిలోని తేమే దానికి చాలు. 1930ల్లో బ్రిటిష్ శాస్త్రవేత్త వెర్నన్ జరిపిన ప్రయోగాల్లో, గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 60 శాతం దాటిన తరువాత ఇనుము తుప్పు పట్టే వేగం ఒక్కసారిగా పెరుగుతున్నట్లు తేలింది. కోస్తా జిల్లాల్లో ఏడాదిలో అధిక భాగం ఆర్ద్రత ఈ హద్దుకు పైనే ఉంటుంది. దానికి తోడు సముద్రపు గాలి ఉప్పు రేణువులను మోసుకొస్తుంది. సముద్రపు ఉప్పులో సోడియం క్లోరైడుతో పాటు మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది. గాలి పొడిగా ఉందని మనం అనుకునే రోజున సైతం అది తేమను పీల్చి చెమ్మగిల్లుతుంది. కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపట్టణాల్లో ఇనుప గేటు ఎన్నాళ్లు మన్నుతుందో అక్కడివారిని వేరే అడగనక్కరలేదు.

పొడినేలల్లో ఉన్నవారికి కూడా మంచు రూపంలో చిక్కు వస్తుంది. గాలి 30 డిగ్రీల వేడితో, 80 శాతం ఆర్ద్రతతో ఉన్నప్పుడు, దాదాపు 26 డిగ్రీలకు చల్లబడిన ఏ వస్తువు మీదనైనా నీటి బిందువులు పడతాయి. పోత ఇనుప బల్ల బరువైనది కనుక రాత్రి చల్లబడితే పగలు త్వరగా వేడెక్కదు. ఉదయం తలుపులు బార్లా తెరిచినప్పుడు వెచ్చని తేమగాలి లోపలికి వచ్చి ఆ చల్లని బల్లను తాకుతుంది. చల్లనీళ్లు పోసిన కంచుచెంబు పైన చెమట పట్టినట్లే బల్లకూ చెమట పడుతుంది. కంటికి కనిపించనంత పలుచగా పట్టినా సరే, తుప్పుకు అంతే కావాలి.

ఇక మనుషుల చేతల వల్ల వచ్చే తుప్పు వేరు. చెమటలో ఉప్పు, లాక్టిక్ ఆమ్లం ఉంటాయి. కొందరి చేతి చెమట ఎంత ఘాటుదంటే మరునాటికి వేలిముద్రలు ఇనుము మీద అచ్చుపడతాయి. అప్పుడే కోసిన పచ్చి కలపను బల్ల మీద రాత్రంతా వదిలేస్తే, కలపలోని నీరూ ఆమ్లాలూ కలిసి దాని కొలతకు సరిపడా మచ్చ వేస్తాయి. నల్లతుమ్మ వంటి వగరు చెట్ల కలపలో టానిన్లు ఎక్కువ. అవి ఇనుముతో కలిసి నీలినలుపు మరకను ఇస్తాయి. పూర్వం సిరా చేసినది ఈ ధర్మంతోనే. రంపపుపొట్టు చూడడానికి పొడిగా ఉన్నా గాలిలోని తేమను పీల్చుకొని బల్లకు తడిగుడ్డలా అతుక్కుంటుంది. బల్లను కాపాడుతున్నామనుకొని పరిచే వార్తాపత్రిక కూడా ఇదే పని చేస్తుంది. ఇన్ని చెప్పినా, పనిశాలల్లో బల్లలకు ప్రథమ శత్రువు టీ గ్లాసేనని చెప్పక తప్పదు.

నివారణ మార్గాలలో మొదటిది ఖర్చులేనిది: సాయంకాలం పని ముగియగానే పొట్టును కుంచెతో పూర్తిగా ఊడ్చి, పొడిగుడ్డతో బల్లను తుడవడం. రెండవది మైనం. మైనపు పూత నీటినీ ఇనుమునూ వేరుచేయడమే కాక బల్లను జారుడుగా ఉంచుతుంది. తేనెమైనాన్ని వేడినీటి పాత్రలో ఉంచిన గిన్నెలో కరిగించి, పొయ్యికి దూరంగా తెచ్చిన తరువాత టర్పెంటైన్ కలిపితే చల్లారేసరికి లేపనంలా తయారవుతుంది. టర్పెంటైన్‌కు నిప్పు సులువుగా అంటుకుంటుంది కనుక పొయ్యి మీద కలపడం అపాయకరం. అంగళ్లలో దొరికే, కార్నౌబా అనే బ్రెజిల్ తాటి జాతి మైనం కలిసిన లేపనాలు ఇంకా గట్టిపడతాయి. లేపనాన్ని పలుచగా రాసి, పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, మెత్తని గుడ్డతో మెరిసేదాకా రుద్దాలి. మందంగా పూస్తే జిగట తప్ప లాభం లేదు. బల్ల మీద నాలుగు నీటి చుక్కలు వేసినప్పుడు అవి ముత్యాల్లా నిలవకుండా పరచుకుంటున్నాయంటే పూతకు కాలం చెల్లిందని అర్థం. వానాకాలంలో పని ఎక్కువగా ఉన్న బల్లకు నెలకొకసారి పూయడం మంచిది. సిలికోన్ కలిసిన పాలిష్‌లను మాత్రం దగ్గరికి రానీయరాదు. చెక్కకు ఆ సిలికోన్ అంటితే తరువాత వేసే వార్నిష్ చేపకన్నుల్లా గుంటలు పడి చెడిపోతుంది.

చాలా చోట్ల మోటారు బండ్ల నుంచి తీసిన కాలిన ఆయిలును బల్లకు పూయడం అలవాటు. ఇది మంచి అలవాటు కాదు. అందులో ఆమ్లాలు, నీరు, మసి కలిసి ఉంటాయి, చర్మానికీ హాని. కొబ్బరినూనె వంటివి కొద్దికాలానికి ముక్కిపోయి ఆమ్లగుణం పొందుతాయి. యంత్రాన్ని నెలల తరబడి వాడకుండా ఉంచవలసి వస్తే గ్రీజు లేదా మందమైన ఖనిజ నూనె పట్టించవచ్చు. తిరిగి పనిలోకి దిగేముందు దానిని పూర్తిగా తుడవాలి, లేకుంటే చెక్కంతా జిడ్డవుతుంది. రోజూ వాడే బల్లకు మైనమే ఉత్తమం. మూత విషయంలోనూ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపలి తేమ బయటికి పోలేక బల్ల మీదనే చుక్కలుగా దిగుతుంది. గాలి ఆడే మందపాటి నూలుగుడ్డ మేలు. యంత్రం కింది అరలో 40 వాట్ల పాతరకపు బల్బు ఒకటి వెలిగించి ఉంచితే బల్ల గాలికన్నా కాస్త వెచ్చగా ఉండి మంచు పడదు. ఈ ఉపాయం ఎల్.ఇ.డి. బల్బులతో సాగదు, వాటికి అంత వేడి లేదు. బల్బు పెట్టే అరలో పొట్టు ఏమాత్రం ఉండరాదు.

ఇంత జాగ్రత్త పడినా తుప్పు రావచ్చు. వచ్చినదాన్ని తొలగించేముందు యంత్రం ప్లగ్గును గోడ నుంచి ఊడదీయాలి. మీట ఆపితే చాలదు. తుప్పు కేవలం ఎర్రపొడిగా ఉన్నప్పుడు కిరసనాయిలులో తడిపిన నారపీచుతో రుద్దితే పోతుంది. పొలుసు కట్టినదాన్ని ముందుగా పదునైన ఉక్కురేకుతో, దాదాపు బల్లకు ఆనేంత వాలుగా పట్టుకొని గీకాలి. ఆ తరువాత 320 నంబరు గరుకుకాగితాన్ని చదునైన చెక్కదిమ్మకు చుట్టి, కిరసనాయిలు చిలకరిస్తూ బల్ల పొడవునా ఒకే దిశలో రుద్దాలి. చివర 400 నంబరుతో ముగించాలి. చెక్కదిమ్మ లేకుండా వేళ్లతో రుద్దితే వేళ్ల కింద పల్లాలు పడతాయి. తొందర కొద్దీ గ్రైండరు పెట్టేవారు కూడా ఉన్నారు. తుప్పు ఐదు నిమిషాల్లో పోతుంది, దానితో పాటు బల్ల మట్టం కూడా పోతుంది. నిఖార్సయిన ఉక్కు స్కేలును అంచు మీద నిలబెట్టి కింద వెలుతురు కనిపిస్తుందేమో చూస్తే ఆ సంగతి బయటపడుతుంది. తుప్పు వల్ల ఏర్పడిన చిన్న గుంటలు పోయేదాకా బల్లను అరగదీయడం కూడా అనవసరం. గుంటలోని ఎరుపు పోతే చాలు. చుట్టూ మట్టం సరిగా ఉన్నంతవరకు చెక్క ఆ గుంటను గమనించదు. రుద్దగా వచ్చిన బురదను ఎప్పటికప్పుడు తుడిచివేయాలి. అందులోని గరుకు రేణువులు బేరింగుల్లోకి దిగితే తుప్పు కన్నా ఎక్కువ నష్టం కలుగుతుంది. పని జరుగుతున్నంతసేపు ఆ చుట్టుపక్కల బీడీ వెలిగించరాదు.

రసాయనాల వాడకంలో మరింత విచక్షణ అవసరం. ఫాస్ఫారిక్ ఆమ్లం తుప్పును ఐరన్ ఫాస్ఫేటుగా మార్చి నల్లని పొరను మిగులుస్తుంది. రంగు వేయబోయే కాళ్లకు అది మంచిది, మెరవవలసిన బల్లకు అంత బాగుండదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం తుప్పును క్షణాల్లో తినేస్తుంది. కాని దాని ఆవిరి గదిలోని ఉలులు, రంపాలు, చిత్రికలు అన్నింటినీ ఎర్రబరుస్తుంది. ఇళ్లలో చింతపండుతో ఇత్తడి సామాను తోమడం అందరూ ఎరిగినదే. అందులోని టార్టారిక్ ఆమ్లం ఇనుప తుప్పును కూడా కరిగిస్తుంది. నిమ్మ ఉప్పు అని పచారీ దుకాణాల్లో అమ్మే సిట్రిక్ ఆమ్లం ఇంకా అనువైనది. లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున కలిపి, చిన్న చిన్న భాగాలను ఒక రాత్రి నానబెట్టి, తోమి, సోడా నీటితో కడిగి, వెంటనే వేడిగాలికి ఆరబెట్టి నూనె రాయాలి. ఆలస్యమైతే కళ్లముందే మళ్లీ ఎర్రబడుతుంది. నిమ్మరసంలో ఉప్పు కలిపి రుద్దే పద్ధతి పాత్రలకు చెల్లుతుందేమో గాని పోత ఇనుముకు చెల్లదు. ఉప్పు దాని సూక్ష్మ రంధ్రాల్లో నిలిచిపోయి తరువాతి తుప్పుకు విత్తనమవుతుంది.

విద్యుత్తుతో తుప్పు తీసే పద్ధతి ఒకటి ఉంది. మరలు, పిడులు, పళ్లచక్రాల వంటి భాగాలకు అది బాగా పనికివస్తుంది. ప్లాస్టిక్ బకెట్టులో నాలుగు లీటర్ల నీటికి ఒక పెద్ద చెంచాడు చాకలి సోడా కలపాలి. పాత ఇనుప కడ్డీని 12 వోల్టుల బ్యాటరీ చార్జరు ధనధ్రువానికి, తుప్పు పట్టిన భాగాన్ని రుణధ్రువానికి కలిపి, ఒకదానికొకటి తగలకుండా నీటిలో వేలాడదీయాలి. కొన్ని గంటల్లో తుప్పు నల్లని బురదగా వదులై గుడ్డతో తుడిస్తే వచ్చేస్తుంది. మంచి ఇనుము చెక్కుచెదరదు. ధ్రువాలు తారుమారైతే మాత్రం బాగుచేయదలచిన భాగమే కరిగిపోతుంది. ఈ చర్యలో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి ఆరుబయట చేయాలి, నిప్పురవ్వ దరిచేరరాదు. మెరుస్తున్నది కదా అని స్టెయిన్‌లెస్ స్టీలు చెంచాను ధనధ్రువంగా వాడితే అందులోని క్రోమియం విషతుల్యమైన రూపంలో నీటిలోకి చేరుతుంది. పదునుపెట్టిన ఉక్కు రంపాలను ఈ బకెట్టులో వేయకపోవడమే మంచిది. హైడ్రోజన్ సోకి అవి పెళుసెక్కవచ్చు.

ఇవన్నీ మామూలు రోజుల మాట. వరదలో మునిగిన యంత్రం సంగతి వేరు. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో పలు కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. అటువంటి నీరు తీసిన తరువాత పనిశాలలో కనిపించే దృశ్యం హృదయవిదారకంగా ఉంటుంది. యంత్రం పనిచేస్తుందో లేదోనన్న ఆతృతతో ముందుగా స్విచ్చి వేయాలనిపించడం సహజం. అదే చేయకూడని పని. మోటారు చుట్టల్లో తడి ఉండగా విద్యుత్తు పారితే మోటారు కాలిపోతుంది, తాకినవారి ప్రాణానికీ ముప్పే. మోటారును విప్పి ఆరబెట్టించడానికి పనివాడికి అప్పగించి, అంతలో యంత్రపు దేహాన్ని చూసుకోవాలి. బురద ఎండకముందే మంచినీటితో కడగాలి. వచ్చినది సముద్రపు నీరైతే, 1977 నవంబరు 19న దివిసీమను ముంచినటువంటి ఉప్పెన నీరైతే, ఒక్కసారి కడిగితే చాలదు. ఉప్పు పోయేదాకా పలుమార్లు కడగాలి. తడిసిన ఇనుమును మళ్లీ నీటితో తడపడమేమిటని సందేహం కలుగుతుంది. బురదలోని లవణాలను మోసుకుపోగలిగేది నీరే. కిరసనాయిలుకు ఆ శక్తి లేదు. కడిగినదాన్ని గుడ్డతో తుడిచి, ఎండలోనో పంకా గాలికో ఆరబెట్టి, అదే పూట నూనె పట్టించాలి. పళ్లచక్రాల పెట్టెలోని నూనె పాలలా తెల్లబడి ఉంటే నీరు కలిసిందన్నమాట; దాన్ని పూర్తిగా తీసి కొత్తది పోయాలి. బురద దిగిన బేరింగులను మార్చడమే తక్కువ ఖర్చు. మొదటి రెండు మూడు రోజుల్లో ఇంత పని జరిగితే, తుప్పు పైపైననే ఉండగా గీకివేయడానికి వీలవుతుంది. నెల గడిచిన తరువాత మొదలుపెడితే జరగవలసిన భాగాలు ఒకదానికొకటి బిగుసుకుపోతాయి. అప్పుడు సుత్తితో మోదరాదు. పోత ఇనుము వంగదు, పగులుతుంది. పలుచని నూనెను కీళ్లలోకి వదిలి, ఒకటి రెండు రోజులు నాననిచ్చి, కొద్దికొద్దిగా అటూ ఇటూ కదిలిస్తూ విడదీయాలి.